అసింక్ సలహాపై నా అభ్యంతరం

ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచుకునే పద్ధతి) సర్వర్‌లో రైట్ వేగం తగ్గితే ఎక్స్‌పోర్ట్ ఆప్షన్లలో, అంటే ఫోల్డర్‌ను పంచే సెట్టింగుల్లో, 'సింక్' (డేటా డిస్కుకు చేరాకే జవాబివ్వడం) తీసేసి 'అసింక్' పెట్టుకోమన్న వ్యాసకర్త సలహాతో నేను ఏకీభవించలేను. అసింక్ పెడితే, డేటా ఇంకా మెమరీలోనే ఉండగా సర్వర్ అది డిస్కుకు చేరిందని జవాబిస్తుంది. ఆ మాట నమ్మి క్లయింటు, అంటే డేటా పంపిన కంప్యూటరు, తన దగ్గరున్న ప్రతిని వదిలేస్తుంది కాబట్టి, ఆలోగా కరెంటు పోతే ఆ డేటా రెండు చోట్లా మిగలదు, పోయిందన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

నిజానికి 1995లో వెలువడిన ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్ సింక్‌తో వచ్చే ఈ వేగం ఇబ్బందిని చాలావరకు తీర్చింది. సర్వర్ డేటాను ముందు మెమరీలో ఉంచుకొని, క్లయింటు కమిట్ కోరినప్పుడు డిస్కుకు చేర్చవచ్చు. మధ్యలో సర్వర్ రీస్టార్ట్ అయితే వెరిఫయర్ (సర్వర్ తన జవాబుతో పంపే గుర్తు) విలువ మారుతుంది, దాన్ని గమనించిన క్లయింటు డేటాను మళ్లీ పంపుతుంది. అసింక్ సరిగ్గా ఈ రక్షణనే దెబ్బతీస్తుంది.

వర్చువల్ మెషీన్లు, డేటాబేసుల వంటివి చేసే చిన్న చిన్న సింక్ రైట్ల దగ్గర మందగమనం నిజమే. అక్కడ సర్వర్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడేవారు, కరెంటు పోయినా డేటాను కాపాడే కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీని సింక్ రైట్లను ముందుగా రాసుకునే ప్రత్యేక లాగ్ డివైస్‌గా పెట్టుకోవాలి. అందులో ఉండేది కొన్ని సెకన్ల రైట్లే కనుక పెద్ద సైజు అక్కర్లేదు. యూపీఎస్ ఉంది కదా అని ధీమా పడకూడదు, ఎందుకంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ కుప్పకూలితే యూపీఎస్ ఏమీ చేయలేదు. మళ్లీ సులువుగా తయారు చేసుకోగల తాత్కాలిక ఫైళ్లకైతే అసింక్ వాడుకోవడంలో నాకు అభ్యంతరం లేదు.