రూమ్‌లో అమ్మ లేదు, అమ్మ పని మాత్రం ఉంది

రూమ్మేట్‌తో గొడవైందని ఎవరికైనా చెప్పి చూడండి, అందరి నోటా వచ్చేది ఒకటే మాట: సర్దుకుపోవాలమ్మా. ఇంటి ఓనర్ ఆంటీ అదే అంటుంది, ఊళ్లో అమ్మ అదే అంటుంది, పనిచేసే చోట సీనియర్ అక్కలూ అదే అంటారు. నేను మాత్రం ఈ మాటను ఇక నమ్మను. సర్దుకుపోయిన మనిషే చివరికి పెట్టె సర్దుకొని వెళ్లిపోవడం నా కళ్లతో చూశాను, అలా వెళ్లిపోవడానికి కారణమైన ఇద్దరిలో నేనూ ఒకదాన్ని.

రూమ్ జీవితం అంటే ఒకప్పుడు మా జిల్లా పిల్లలకు హైదరాబాద్ ముచ్చటే. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట గల్లీల్లో ఏ తలుపు తట్టినా నల్గొండ వాళ్లో, సూర్యాపేట వాళ్లో కనిపించేవాళ్లు. ఇప్పుడు నల్గొండలోనే ఆ జీవితం మొదలైంది. మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో వచ్చింది, ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2019లో, ఐటీ హబ్ 2023లో. వీటి చుట్టూ ల్యాబులు, ప్రైవేటు ఆసుపత్రులు, బ్యాంకులు, కోచింగ్ సెంటర్లు. వీటిలో పనిచేసే ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల అమ్మాయిలం క్లాక్ టవర్ సెంటర్‌కు నడిచి వెళ్లగలిగేంత దూరంలో ముగ్గురమో నలుగురమో కలిసి ఒక గది, ఒక వంటిల్లు అద్దెకు తీసుకొని ఉంటాం. వర్కింగ్ ఉమెన్ హాస్టల్ కోసం నేనూ వెతికాను, నా జీతానికి సరిపడేది దొరకలేదు. అలా రామగిరిలో రెండో అంతస్తులో ముగ్గురం చేరాం. నాది దేవరకొండ దాటాక ఒక పల్లె, ల్యాబ్‌లో పని. ఇంకో అమ్మాయిది మిర్యాలగూడ. మూడో ఆమెది మంచిర్యాల, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, మా ఇద్దరికంటే రెండేళ్లు పెద్దది, అక్కా అనే పిలిచేవాళ్లం.

2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది. ఈ పథకాన్ని తిట్టేవాళ్లను చాలామందిని చూశాను, కానీ నాలాంటి దాని బతుకులో అది తెచ్చిన మార్పు చిన్నది కాదు. అంతకుముందు నెలకోసారి ఊరికి పోతే గొప్ప. పోను రాను చార్జీలు, మధ్యలో ఆటో, అన్నీ లెక్కేసుకొని ఈ వారం వద్దులే అనుకునేదాన్ని. ఇప్పుడు ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. శనివారం సాయంత్రం డ్యూటీ దిగి గంటన్నర కూర్చుంటే మా ఊరి దారిలో ఉంటాను, మిర్యాలగూడ అమ్మాయికి గంట చాలు. ఊరికి పోని వారం పానగల్లు చెరువు కట్ట, ఛాయా సోమేశ్వరాలయం, ఇంకా ఓపికుంటే నాగార్జునసాగర్. ఆడపిల్లలు ఆదివారం పూట ఎవరినీ డబ్బులు అడగకుండా ఇల్లు దాటి వెళ్లగలగడం మా అమ్మకు ఆ వయసులో ఊహకు కూడా అందని సంగతి.

అయితే మంచిర్యాల అక్కకు కూడా టికెట్ జీరోనే, దూరం మాత్రం జీరో కాదు. పొద్దున బయల్దేరి హైదరాబాద్‌లో మారి వెళ్తే ఇల్లు చేరేసరికి సాయంత్రం. ఒక్క రోజు సెలవుతో ఆమె ఎక్కడికి పోతుంది? మేమిద్దరం ప్రతి శనివారం బ్యాగు భుజాన వేసుకుంటుంటే ఆమె ఒక్కతే రూమ్‌లో మిగిలేది. రూమ్‌తో పాటు రూమ్ పనీ ఆమెకే మిగిలేది. మా ఇద్దరికీ చాలా నెలలు ఈ విషయం తట్టనే లేదు.

ఆదివారం పని అంటే ఏమిటో ఆ పని చేసేవాళ్లకే తెలుస్తుంది. బాత్రూమ్ కడగాలి, వారం రోజుల చెత్త కిందికి దింపాలి, దోసెలకు పప్పు నానబెట్టి మిక్సీ పట్టాలి, కూరగాయలు తేవాలి, ఓనర్ ఆంటీ మోటార్ వేసే టైముకు బకెట్లు పట్టుకొని సిద్ధంగా ఉండాలి. మాకు పెద్ద గ్యాస్ కనెక్షన్ లేదు, అయిదు కిలోల చిన్న సిలిండరే, అది ఎప్పుడూ పప్పు సగం ఉడికినప్పుడే అయిపోతుంది. అన్నిటికంటే బరువైంది నీళ్ల క్యాన్. మా జిల్లాలో తాగే నీళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్‌తో వంగిపోయిన కాళ్లను, గారపట్టిన పళ్లను చూస్తూ పెరిగినవాళ్లం. నీళ్లలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నా చాలా ఇళ్లలో ఆ భయం పోలేదు, మా రూమ్‌లోనూ అంతే, తాగడానికి ప్లాంట్ నీళ్లే. ఇరవై లీటర్ల క్యాన్‌ను రెండో అంతస్తుకు మెట్ల మీద మోయడం ఎలా ఉంటుందో ఒక్కసారి మోస్తే తెలుస్తుంది, మధ్యలో ఆగి క్యాన్ దించితే మళ్లీ ఎత్తడానికి నడుము సహకరించదు.

మరి నేనేం చేసేదాన్ని? ఆదివారం రాత్రి ఊరి నుంచి మామిడికాయ తొక్కు డబ్బా, పచ్చజొన్న రొట్టెలు, కందిపప్పు, ఒక్కోసారి అమ్మ చేసిన సకినాలు తెచ్చేదాన్ని. అవి ముగ్గురం తినేవాళ్లం. నా మనసులో లెక్క సరిపోయేది, నేను ఇంత తెస్తున్నాను కదా అని. తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. ఆ తొక్కు కలిపింది అమ్మ, రొట్టెలు కొట్టింది అమ్మ. అంటే ఊళ్లో ఒక ఆడమనిషి కష్టం తెచ్చి, రూమ్‌లో ఇంకో ఆడమనిషి కష్టానికి చెల్లు వేసుకున్నాను. మధ్యలో నా చేయి తడిసింది ఎక్కడ?

2024 ఆగస్టులో సాగర్ గేట్లు ఎత్తారు. ఇరవై ఆరు గేట్ల నుంచి నీళ్లు దూకుతుంటే చూడాలని జిల్లా జిల్లానే కదిలింది. ముగ్గురం కలిసి పోదామని వారం ముందే అనుకున్నాం, అక్క కూడా ఆ ఆదివారం డ్యూటీ మార్పించుకుంది. పొద్దున లేచేసరికి సింకులో రాత్రి గిన్నెలు, క్యాన్ ఖాళీ, గ్యాస్ లేదు. నేను జడ వేసుకుంటున్నాను, మిర్యాలగూడ అమ్మాయి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. అక్క వంటింట్లోకి వెళ్లి, కాసేపటికి బయటికొచ్చి, “నేను రాను, మీరు పోయిరండి” అంది. ఎందుకక్కా అంటే తల నొస్తుందంది. మేం రెండుసార్లు బతిమాలి, బస్సు దొరకదేమోనని టెన్షన్‌తో బయల్దేరిపోయాం. పెద్దవూర దాటాక బస్సులో నిలబడడానికి చోటు లేదు, కొత్త బ్రిడ్జి మీద తుంపరకు చున్నీలు తడిసిపోయాయి, వంద ఫోటోలు దిగాం. నా జీవితంలో అంత సంతోషంగా గడిచిన ఆదివారాలు కొన్నే. రాత్రి తొమ్మిదికి వచ్చి చూస్తే గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి, నిండు క్యాన్ స్టాండ్ మీద ఉంది, అక్క గోడవైపు తిరిగి పడుకొని ఉంది.

వంటింటి గోడకు మా తిథుల క్యాలెండర్ ఉంటుంది. శనివారం ఒక్కపొద్దు ఉండే మిర్యాలగూడ అమ్మాయి తప్ప దాన్ని మేమెవరం చూసేవాళ్లం కాదు. ఆ రాత్రి శ్రావణ శుక్రవారం ఎప్పుడని నేను దాని దగ్గరికెళితే తారీకుల పక్కన పెన్సిల్ చుక్కలు కనిపించాయి. అమావాస్య అని ఎర్రగా అచ్చయిన చోట కూడా, అంచున, చాలా చిన్నగా ఒక చుక్క, దాని పక్కన ఒక పొడి అక్షరం. వెనక్కి తిప్పాను. మే, జూన్, జూలై, మూడు నెలల్లో 38 చుక్కలు. చుక్క అంటే ఒక నీళ్ల క్యాన్. నా పేరులోని మొదటి అక్షరం 4 చోట్ల, మిర్యాలగూడ అమ్మాయిది 5 చోట్ల. మిగతా 29 అక్కవే. అయిపోయిన సిలిండర్లకు చిన్న గీతలు కూడా ఉన్నాయి, వాటిని లెక్కపెట్టే ధైర్యం నాకు రాలేదు.

పొద్దున అడిగితే ఆమె కోప్పడలేదు. “మీకు చూపిద్దామని కాదు, నాకు మతికుండాలని రాసుకున్న. రోజూ నేనే మోస్తున్న అనిపిస్తుంటే, ఉత్తగనే అట్ల అనుకుంటున్ననా, నిజంగనే మోస్తున్ననా అని చూసుకున్న” అంది. నెలాఖరుకు వేరే రూమ్‌కు మారిపోయింది.

ఇది మా ముగ్గురి స్వభావాల గొడవ అనుకుంటే ఇక్కడితో అయిపోయేది. నేను అలా అనుకోను. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంట్లో జీతం లేని పనిచేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికే పెట్టారు, అదే పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. 299 నిమిషాలంటే అయిదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. మా ఇళ్లల్లో ఆ అయిదు గంటలు అమ్మవి. తెల్లారి లేచేసరికి వాకిలి ఊడ్చి ఉంటుంది, బోళ్లు తోమి ఉంటాయి, అదంతా గాలి వీచినట్టు దానంతటదే జరుగుతుందన్న నమ్మకంతో పెరుగుతాం. ఆడపిల్లలం చేయి సాయం చేస్తాం నిజమే, కానీ ఈ రోజు ఏం అయిపోయింది, రేపు ఏం తేవాలి అని గుర్తుపెట్టుకునే బరువు మాత్రం అమ్మ తల మీదే ఉంటుంది. రూమ్‌కు వచ్చేటప్పుడు దుప్పటి, బకెట్, కుక్కర్ తెచ్చుకుంటాం. ఆ నమ్మకాన్ని కూడా వెంట తెచ్చుకుంటాం. అప్పుడు ముగ్గురిలో ఎవరికి ఓపిక ఎక్కువో, ఎవరికి మురికి చూస్తే మనసొప్పదో, ఎవరికి ఆదివారం పోవడానికి చోటు లేదో, వాళ్లు ఆ రూమ్‌కు అమ్మ అయిపోతారు. ఎవరూ అడగరు, ఎవరూ ఒప్పుకోరు, అయినా అయిపోతారు.

మగపిల్లల రూముల్లో తేడా ఉంటుందా అంటే పెద్దగా ఏమీ లేదు. మా తమ్ముడు దిల్‌సుఖ్‌నగర్‌లో నలుగురితో ఉంటాడు. అన్నం వండుకొని కూర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుంటారు. అందరికీ వంట రాదంటారు, ఒక్కడికి వచ్చు, రోజూ కుక్కర్ పెట్టేది ఆ ఒక్కడే. పని వచ్చిన పాపానికి వాడు ఇరుక్కుపోయాడు. పని రాకపోవడం అక్కడ ఒక సౌకర్యం.

డబ్బుల దగ్గర మేం ఇలా ఉండం. బిర్యానీ తిన్నా, ఆటో ఎక్కినా ఇంటికి చేరకముందే ముగ్గురి వాటా తేలిపోతుంది, 43 రూపాయలైనా ఫోన్‌పేలో వచ్చేస్తుంది, ఎవరూ తప్పుగా అనుకోరు. అదే పని గురించి అడిగితే మాత్రం దోస్తుల మధ్య లెక్కలేందే అంటారు. రూపాయికి ఉన్న మర్యాద నడుము నొప్పికి లేదా? ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. అందరిదీ అన్నది ఎవరిదీ కాకుండా పోతుంది. రూమ్‌లో అయితే ఇంకో అన్యాయం కూడా ఉంది, గొర్రె చావకుండా ఒకరు రాత్రీపగలూ కాస్తుంటారు, మిగతావాళ్లు అది దానంతటదే బతుకుతోందనుకుంటారు.

లెక్క పెడితే స్నేహం చెడిపోతుందనే వాదన నాకు తెలుసు, అందులో కొంత నిజముందని కూడా ఒప్పుకుంటాను. జ్వరమొచ్చిన రోజున నీ వంతు కదా అని క్యాన్ చేతికిచ్చేవాళ్లతో ఎవరుంటారు? కానీ మా రూమ్‌లో స్నేహం చెడింది లెక్క పెట్టినందుకు కాదు, లెక్క ఒక్కరే పెట్టుకోవాల్సి వచ్చినందుకు. ఆ చుక్కలు ముగ్గురం కలిసి పెట్టి ఉంటే మే నెలలోనే మాట్లాడుకునేవాళ్లం. గోడ మీద అందరికీ కనిపించేలా ఉన్న కాగితం ఒకలా పనిచేస్తుంది, పెన్సిల్‌తో ఎవరికీ కనిపించకుండా పెట్టుకున్న చుక్క ఇంకోలా పనిచేస్తుంది. రెండోది లోపల పేరుకుంటుంది.

అద్దె, అడ్వాన్సు గొడవలు కూడా ఉంటాయి, వాటి గురించి ఒక్క మాట చాలు. అద్దె ఒప్పందాన్ని చాలామంది 11 నెలలకే రాసుకుంటారు, మా రూముల్లో అయితే అదీ ఉండదు, నోటిమాటే. వెళ్లేవాళ్ల అడ్వాన్సు కొత్తగా వచ్చేవాళ్లు ఇస్తారు, ఓనర్ చేయి కదలదు. అక్క వెళ్లాక కొత్త అమ్మాయి దొరకడానికి నెల పట్టింది, అక్క అడ్వాన్సు డబ్బులు నేనూ మిర్యాలగూడ అమ్మాయీ కలిసి ముందే ఇచ్చేశాం. ఆ మాత్రం చేయకపోతే ఇక మా ముఖం ఆమెకు చూపించలేకపోయేవాళ్లం.

కొత్తగా వచ్చిన అమ్మాయిది కొల్లాపూర్. వచ్చిన రోజే ముగ్గురం కూర్చొని కాగితం మీద రాసుకున్నాం. నెలలో ఒక ఆదివారం ఎవరికి వాళ్లు ఊరికి పోవచ్చు, ఇద్దరు ఒకే వారం పోకూడదు. అయిదో ఆదివారం వస్తే పని ముందు రోజే ముగ్గురం కలిసి చేసి ముగ్గురం బయటికి పోవాలి. తొక్కులు, సకినాలు తెస్తే సంతోషంగా తినాలి, పని లెక్కలోకి రావు. నీళ్ల క్యాన్ చుక్కలు ఇప్పుడు పెన్సిల్‌తో కాదు, స్కెచ్ పెన్నుతో పెడుతున్నాం, ముగ్గురికి మూడు రంగులు. ఇది రాయడానికి మాకు పట్టింది అరగంట.

మంచిర్యాల అక్క ఇప్పటికీ నల్గొండలోనే ఉంది. ఆమెకు మళ్లీ ఎప్పుడు ఆదివారం సెలవు దొరుకుతుందో కనుక్కున్నాను, సాగర్ ఆమె ఇంకా చూడలేదు. ఈసారి గేట్లు ఎత్తితే ఆమె డ్యూటీ చూసుకొనే మేం బయల్దేరతాం, ముందు రోజు క్యాన్ నేను నింపి పెడతాను.