చెరువు గట్టు మీద వాలుగ

2025 జూలై 15న ముంబైలో అమెరికా కరెంటు కారు టెస్లా షోరూమ్ తెరిచారు. గోదావరికి ఎర్రనీరు తగిలి, పులస ఎదురీదే కాలం కూడా అదే. రెండూ సముద్రం మీంచి వచ్చినవే. రెండిటి రేటూ వినడానికి గుమిగూడేవాళ్లు ఎక్కువ, సంచీ పట్టుకుని వచ్చేవాళ్లు తక్కువ. పులస కోసమైతే పుస్తెలైనా అమ్మొచ్చని పెద్దలు ఎప్పుడో తీర్పిచ్చేశారు. అప్పుడు టెస్లా మోడల్ వై బేసు మోడలు 59 లక్షల 89 వేలు. ఆ లెక్కన వీధిలో పుస్తెలన్నీ పోగు చెయ్యాలి.

అయినా మా భీమవరం వైపు పులస మీద ఎవరూ సిద్ధాంతాలు చెయ్యలేదు. టెస్లా మీద మాత్రం ఒక సిద్ధాంతం ఊరికి చేరింది. విదేశీ కారు వచ్చింది కాబట్టి మన కంపెనీలు ఇక నిద్ర లేస్తాయట. దీన్ని క్యాట్‌ఫిష్ ఎఫెక్ట్ అంటారు. టెస్లా విషయంలో ఈ మాటని చైనావాళ్లు తెగ వాడారు. నార్వే జాలర్లు సార్డీన్ చేపల్ని తొట్టిలో వేసి ఒడ్డుకు తెచ్చేలోపు అవి బద్ధకంతో చచ్చేవట. ఒక తెలివైన జాలరి తొట్టిలోకి ఓ క్యాట్‌ఫిష్‌ని, అంటే మన వాలుగ లాంటి వేటాడే చేపని, వదిలాడట. దాని భయానికి సార్డీన్లు అటూ ఇటూ పరుగులు పెట్టి, నిక్షేపంలా ఒడ్డుకు చేరాయట. ఈ కథని మేనేజ్‌మెంట్ క్లాసుల్లో చెప్పగా విన్నానే తప్ప, ఇంతవరకు ఏ జాలరి నోటా వినలేదు.

బాధ్యత గల వ్యాసకర్తని కనుక, సిద్ధాంతాన్ని పరీక్షకి పెట్టాలని ఆకివీడు దగ్గర చెరువులు చేస్తున్న మా బావగారి దగ్గరికి వెళ్లాను. ఆయన గట్టు మీద నులక మంచం వేసుకుని, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చెవులతోనే చూస్తూ పడుకున్నారు.

"బావగారూ, చెరువులో ఓ వాలుగని వదిలితే బొచ్చె చేపలు చురుగ్గా తిరిగి బాగా పెరుగుతాయటండీ."

ఆయన లేచి కూర్చున్నారు. "ఎవరన్నారండీ?"

"చైనావాళ్లు."

"వాళ్ల చెరువులో వదులుకోమనండి."

ఆ తర్వాత ఓ పావుగంట నాకు పాఠం జరిగింది. సీడు, అంటే చేపపిల్లల్ని, వెయ్యడానికి ముందు చెరువులో ఇప్పపిండి చల్లుతారు. అది తగిలితే వాలుగలు, కొర్రమీన్లు, మార్పు చేపలు, వేటాడే బాపతు మొత్తం పైకి తేలిపోతాయి. విషం విరిగాకే పిల్లల్ని వదులుతారు. "వాలుగ పడ్డ చెరువులో చురుకైన పిల్లలుండవు బావగారూ, అసలు పిల్లలే ఉండవు. ఉండేది బలిసిన వాలుగ ఒక్కటే." ఆయనకి మేనేజ్‌మెంట్ డిగ్రీ లేదు కాబట్టి ఈ అభిప్రాయాన్ని తాత్కాలికంగా పక్కన పెడుతున్నాను.

కానీ ఇప్పపిండి మాట మాత్రం నన్ను వదల్లేదు. మన దేశంలో దాన్ని దిగుమతి సుంకం అంటారు. పూర్తిగా తయారై వచ్చే విదేశీ కారు మీద ధరని బట్టి 70 నుంచి 110 శాతం దాకా చల్లుతారు. అమెరికాలో అప్పట్లో సుమారు 45 వేల డాలర్లకి దొరికిన బండి ఇక్కడికొచ్చేసరికి 60 లక్షలకి ఉబ్బింది అందుకే. ఆ పిండి కూడా చాలదనుకున్నప్పుడు చెరువుకి తలుపే వేస్తారు. చైనా కంపెనీ బీవైడీ మన హైదరాబాద్ మేఘా ఇంజినీరింగ్‌తో కలిసి 100 కోట్ల డాలర్లతో ఫ్యాక్టరీ పెడతానంటే 2023లో కేంద్రం వద్దు పొమ్మంది. చెరువు భద్రత ముఖ్యం.

ఇప్పపిండి చల్లిన చెరువులో చేప ఎలా పెరుగుతుందో మన పెద్దవాళ్లకి తెలుసు. ఆ చేప పేరు అంబాసిడర్. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టి, 1950ల్లో ఇక్కడికొచ్చి, 2014 దాకా దాదాపు అదే ముఖంతో బతికింది. బుక్ చేసినవాడు ఏళ్ల తరబడి ఎదురుచూసేవాడు. అంత కాలం ముఖం మారకుండా ఉన్నది మా ఊరి రావిచెట్టు కాక ఆ కారొక్కటే. 1983 డిసెంబరులో ప్రభుత్వమే స్వయంగా జపాన్ సుజుకిని చెయ్యిపట్టుకుని తెచ్చి 47,500 రూపాయలకి మారుతి 800 వదిలింది. అప్పుడు అంబాసిడర్ చురుగ్గా ఈదిందా అంటే, లేదు. మెల్లగా గట్టుకి జరిగి గవర్నమెంటు ఆఫీసుల నీడన సేద తీరింది.

ఇక చైనాలో, షాంఘైలో టెస్లా సంగతి. అక్కడ వాలుగని గాజు సీసాలో పెట్టి ఊరేగించలేదు, నేరుగా చెరువులోకి దింపారు. స్థానిక భాగస్వామి అక్కర్లేదన్నారు, 2019 జనవరిలో శంకుస్థాపన చేస్తే అదే ఏడాది డిసెంబరులో కార్లు బయటికొచ్చాయి. మన దగ్గర ఆ వ్యవధిలో రోడ్డు గుంత మీద ఎస్టిమేటు తయారవుతుంది. చుట్టుపక్కల బ్యాటరీలవాళ్లు, విడిభాగాలవాళ్లు టెస్లాకి సరుకు పోస్తూ పని నేర్చుకున్నారు. నేర్చుకున్నది చేతిలో ఉంచుకుని మిగతా కంపెనీలకీ పోశారు. 2011లో ఒక టీవీ ఇంటర్వ్యూలో బీవైడీ పేరెత్తితే ఎలాన్ మస్క్ పగలబడి నవ్వాడు. 2023 చివరి మూడు నెలల్లో బీవైడీ 5.26 లక్షల బ్యాటరీ కార్లు అమ్మింది, టెస్లా 4.84 లక్షల దగ్గర ఆగింది. అంటే అక్కడ బొచ్చెలే వాలుగని కరిచాయి.

అయితే దీనికి రెండో అంకం ఉంది, దాన్ని సిద్ధాంతంవాళ్లు చెప్పరు. అందరూ చురుకెక్కి ఒకరి మీద ఒకరు రేట్లు తగ్గించుకుంటూ పోయారు. ఎంతగా అంటే 2025లో చైనా ప్రభుత్వమే ఇక ఆపండ్రా బాబూ అనాల్సి వచ్చింది. ఇది చెబితే బావగారు వెంటనే పట్టేశారు. "ఎక్కువ వదిలేసుంటారండీ. డీవో, అదే నీళ్లలో ఆక్సిజను, పడిపోయుంటుంది. తెల్లారుజామున తేలిపోతాయి."

మన ముంబై వాలుగ చెరువులోకి దిగనే లేదు. షాంఘైలో తయారై, ఓడెక్కి వచ్చి, గట్టు మీద సీసాలో కూర్చుంది. ఇక్కడ తొలి కారు అందుకున్నది మహారాష్ట్ర రవాణా శాఖ మంత్రి. ప్రజారవాణా మీద మమకారం అన్నమాట. ఆ ఏడాది అమ్మకాలు వందల దగ్గరే ఆగాయి. సీసాలో వాలుగని చూసి చెరువులో చేపలు గడగడలాడాయని పేపర్లు రాశాయి గానీ, తేదీలు చూస్తే వేరే కథ. టాటా నెక్సాన్ ఈవీ వచ్చింది 2020 జనవరిలో. 8 లక్షల 49 వేలకి టియాగో ఈవీ 2022లో. మహీంద్రా 2024 నవంబరులో కొత్త కార్లు చూపించింది. ఆ కంపెనీకి ఎదురైన మొదటి పోటీ కూడా టెస్లా నుంచి కాదు, విమానాల కంపెనీ నుంచి. కారుకి 'బీఈ 6ఈ' అని పేరు పెడితే '6ఈ' మాది అని ఇండిగో కోర్టుకెక్కింది. మహీంద్రా 'ఈ' తీసేసి 'బీఈ 6' అని బండి ముందుకి పోనిచ్చింది. భయం ముందు పుట్టి, భయపెట్టేది ఎనిమిది నెలల తర్వాత వచ్చింది. దీన్ని భౌతికశాస్త్రం ఒప్పుకోదు, అర్థశాస్త్రం ఒప్పుకుంటుంది.

నిజంగా చెరువుని కలియబెట్టింది ఎవరయ్యా అంటే ఎంజీ విండ్సర్. 2024 సెప్టెంబరులో బ్యాటరీ లేకుండా 9 లక్షల 99 వేలకి ఇచ్చి, బ్యాటరీకి కిలోమీటరుకి మూడున్నర రూపాయల చొప్పున అద్దె కట్టుకోమంది. నాకు ఇది అర్థమవడానికి రెండు రోజులు పట్టింది. బావగారికి రెండు సెకన్లు పట్టింది. "లీజు కదండీ. గట్టు ఒకడిది, నీళ్లు ఒకడివి, అప్పు మనది." ఈ వాలుగ మీద మాత్రం ఇప్పపిండి పని చెయ్యలేదు, ఎందుకంటే ఇది చెరువులోనే పుట్టింది. పేరు ఇంగ్లండుది, పెట్టుబడి చైనా సాయిక్‌ది, వాటా మన జిందాల్‌వారిది, పురిటిల్లు గుజరాత్‌లో హలోల్. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. అంబాసిడర్ కూడా మోరిస్ వంశమే కదా. అంటే మనల్ని అర్ధ శతాబ్దం నిద్రపుచ్చిన వంశమే మళ్లీ వేషం మార్చుకుని వచ్చి లేపింది. దేశవాళీ అనే మాట మీద ఇకముందు ఎవరితోనూ వాదించదలచుకోలేదు.

విదేశీ రాకడ మా డెల్టాకి కొత్తేం కాదు. వనామి రొయ్య పుట్టిల్లు అమెరికా ఖండపు పసిఫిక్ తీరం. 2009లో అనుమతి ఇచ్చారు. తల్లి రొయ్యలు విమానం దిగి, చెన్నైలో క్వారంటైన్‌లో ఉండి, హేచరీలకి వెళతాయి. మంత్రులకి కూడా అన్ని పరీక్షలుండవు. మరి దేశవాళీ టైగర్ రొయ్య దీన్ని చూసి చురుకెక్కిందా? లేదండీ, అది అప్పటికే తెల్లమచ్చ తెగులుతో నీరసించి ఉంది, మర్యాదగా చెరువు ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఇప్పుడు రొయ్యల చెరువు అంటే వనామి చెరువే. ఆ అమెరికా బిడ్డని మేత పెట్టి పెంచి, ఐస్‌లో పెట్టి పుట్టింటికి పంపుతుంటే, 2025 ఆగస్టులో పుట్టింటివాళ్లు 50 శాతం సుంకం వేశారు. వాళ్ల కారు మీద మన ఇప్పపిండి, మన రొయ్య మీద వాళ్ల ఇప్పపిండి. ఆ నెలలో మా వైపు కౌంటు రేటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధర, ఎంత అని అడిగినవాడితో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

ఇంత గంభీర పరిశోధన చేశాక, టెస్లాని డెల్టాకి ఆహ్వానించవచ్చా అని కూడా ఆలోచించాను. అద్దాలతో కలిపి దాదాపు ఏడడుగుల వెడల్పు. కాలవ గట్టు రోడ్డు మీద ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే ఇద్దరిలో ఒకరు కాలవని ఎంచుకోవాలి. 6 లక్షలు అదనంగా కడితే తనంత తానే నడిచే సౌకర్యం ముందుముందు ఇస్తామని 2025లో అన్నారు. బావగారు కళ్లు మూసుకునే, "మా గేదె సాయంత్రమయ్యేసరికి తనంత తానే ఇంటికొస్తుందండీ, ఎవరికీ ఏమీ కట్టలేదు" అన్నారు. ఛార్జింగ్ విషయంలో మాత్రం ఆయనకి కాస్త ఆసక్తి పుట్టింది. ఆక్వా మీటరుకి రాయితీ మీద యూనిట్ రూపాయిన్నర. బ్యాటరీ అరవై యూనిట్లంటే తొంభై రూపాయలకి ఫుల్ ట్యాంకు. ఈ పథకాన్ని ఈ వ్యాసకర్త సమర్థించడం లేదని కరెంటు వాళ్లకి మనవి.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఏరేటర్ల చప్పుడు ఆగిపోయి చెరువు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. కుర్రాడు జనరేటరు షెడ్డు వైపు పరిగెత్తాడు. బావగారు మంచం దిగి, టార్చి నీళ్ల మీద వేసి, రొయ్య ఏమైనా తేలుతోందా అని చూస్తూ అడిగారు.

"బావగారూ, ఆ కార్లు కరెంటు బయటికి ఇస్తాయాండీ?"

"మన నెక్సాన్ ఇస్తుందండీ, 2023 నుంచి. ఓ మూడు కిలోవాట్లు."

"అంటే రెండు ఏరేటర్లు." ఆయన చీకట్లో లెక్క వేసుకున్నారు. "ఆ టెస్లా డబ్బుకి అవి ఎన్నొస్తాయి?"

"నాలుగొస్తాయేమో."

"ఎనిమిది ఏరేటర్లు. మనకి పది కదండీ." టార్చి షెడ్డు వైపు తిప్పారు. "ఒరేయ్, డీజిల్ ఉందా?"