విన్నది మీరు కాదు, మీ నడుముకున్న డబ్బా

శ్రోత అనే జీవితో అమెరికా రేడియో వాళ్లు పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. చేతికి డైరీ ఇచ్చి, వారం రోజులు ఏ స్టేషన్ ఎప్పుడు విన్నారో రాయమనేవాళ్లు. మనిషి సంగతి తెలిసిందే కదా! ఆరు రోజులు ఊరుకుని, ఏడో రోజు నోటికొచ్చిన స్టేషన్ పేరు రాసిపారేస్తాడు.

ఈ అరాచకాన్ని అంతం చేయడానికి, రేడియో శ్రోతల్ని లెక్కపెట్టే ఆర్బిట్రాన్ కంపెనీ పోర్టబుల్ పీపుల్ మీటర్‌ని దించింది. పేజర్ అంత డబ్బా. నడుముకి తగిలించుకుని తిరగడమే మన పని. స్టేషన్ తన ప్రసారంలో మన చెవికి అందని సంకేతం ఒకటి కలిపి పంపుతుంది. అది పాట చాటున నక్కి ఉంటుంది, డబ్బా పసిగడుతుంది. 2007లో ఫిలడెల్ఫియా, హ్యూస్టన్ డైరీలు మూసేసి దీని లెక్కకే మారాయి. 2013లో ఆర్బిట్రాన్‌నే, టీవీ ప్రేక్షకుల్ని లెక్కపెట్టే నీల్సన్ కంపెనీ కొనేసింది.

డబ్బాలో నాకు నచ్చిన గుణం, అది మనల్ని ఏమీ అడగదు. నచ్చిందా, అర్థమైందా, అసలు మెలకువగా ఉన్నావా? అవన్నీ దానికి అనవసరం. పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని వణుకుతున్నా సరే, గోడమీది స్పీకర్లో మోగే స్టేషన్‌కి మీరు శ్రోతే. పావుగంటలో మూడు నిమిషాలు (2025కి ముందు ఐదు) సంకేతం తగిలితే ఆ పావుగంట మొత్తం ఆ స్టేషన్ ఖాతాలోకే. అదే మీరు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, తన్మయంగా విన్నారనుకోండి. పాపం, డబ్బాకి ఏమీ వినపడదు.

డబ్బా కదులుతోందో లేదో కనిపెట్టే ఏర్పాటూ ఉంది. కదిలితే మనిషి మోస్తున్నట్టు లెక్క. (కుక్క మెడలో కడితే ఆ కుక్క కారు కొంటుందో లేదో ప్రకటనదారులే తేల్చుకోవాలి.)

ఇక నెమ్మదిగా మాట్లాడేవాళ్లకు గడ్డుకాలమే. సంకేతం దాక్కోవాలంటే శబ్దం కావాలి, మౌనం చాటున ఏం దాక్కుంటుంది? అందుకని కొన్ని స్టేషన్లు వోల్టెయిర్ అనే యంత్రం కొని పెట్టుకున్నాయి. పాట బాగా వినపడటానికి అనుకునేరు! సంకేతం బాగా వినపడటానికి. ఈ యంత్రం మీద గొడవ ముదిరి 2015లో నీల్సనే తన సంకేతానికి బలం పెంచింది. పాటలకు కూడా కాస్త బలం కావాలని ఎవరూ పట్టుబట్టినట్టు లేదు.

రాత్రి డబ్బా ఛార్జింగ్‌కి ఎక్కుతుంది. పొద్దుటి నుంచి విన్నదంతా ఆఫీసుకి అప్పజెబుతుంది. దాన్ని మోసినవాడు పక్కనే గుర్రుపెట్టి నిద్రపోతుంటాడు. ఇవాళ ఏం విన్నావు నాయనా అని వాణ్ణి ఎవరూ లేపి అడగరు.