కళ్లతో చూస్తే తెలిసిపోదు

'లింకు నొక్కే ముందు అడ్రసు జాగ్రత్తగా చదివితే చాలు' అన్నారు దొంగ సైట్లను గుర్తుపట్టడం గురించిన ఒక వ్యాసంలో. ఈ ఒక్క మాటతో నేను ఏకీభవించను. 2017లో షుడాంగ్ ఝెంగ్ అనే పరిశోధకుడు అన్నీ సిరిలిక్ (రష్యన్ రాసే లిపి) అక్షరాలతోనే ఒక డొమైన్, అంటే సైటు పేరు, తీసుకున్నాడు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో అది అచ్చం యాపిల్ సైటు అడ్రసులాగే కనిపించింది. భూతద్దం పెట్టి చూసినా ఏం లాభం? రెండు లిపుల అక్షరాలు కలిస్తే బ్రౌజర్ అనుమానించి 'ఎక్స్‌ఎన్' (xn--) తో మొదలయ్యే అసలు కోడ్ రూపం చూపిస్తుంది, కానీ ఇక్కడ మొత్తం ఒకే లిపి కాబట్టి ఆ రూలు పట్టుకోలేకపోయింది. తర్వాత క్రోమ్ 58వ వెర్షన్‌లో సరిచేశారు. మనకు ఈ తిప్పలు పక్కింటి కన్నడంతోనే ఉన్నాయి. అ, ఇ, జ, బ, ల, సున్నా చాలా ఫాంట్లలో రెండు లిపుల్లోనూ ఒకేలా ఉంటాయి. 'జల' అని తెలుగులో కొట్టినా కన్నడలో కొట్టినా తెరమీద తేడా పట్టడం కష్టం, కంప్యూటర్ కోసం ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్‌లో మాత్రం ఒక్కో అక్షరానికి సరిగ్గా 128 స్థానాల దూరం. ('క' అయితే తలకట్టు పట్టిస్తుంది లెండి.) అందుకే మా ఇంట్లో పెద్దవాళ్లకి అడ్రసు చదవమని చెప్పడం మానేశాను. బ్యాంకు సైటును బుక్‌మార్క్ చేసిచ్చి, పాస్‌వర్డులు దాచిపెట్టి తనే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టాను. అది అక్షరం ఆకారం చూడదు, కోడ్ చూస్తుంది. దొంగ సైటులో పాస్‌వర్డ్ తనంతట తాను నింపదు.