కేఎంపీఎల్ కౌన్సెలింగ్

మా నాన్నగారు ఆర్టీసీ తెనాలి డిపోలో ఇరవై తొమ్మిదేళ్ల పాటు ఆయిలు లెక్కలు చూసి పదవీ విరమణ చేసిన మనిషి అన్న సంగతిని, నేను టెక్సస్‌లో ఫుల్ సైజ్ పికప్ ట్రక్కు కొనే ముందు ఒక్కసారైనా గుర్తు చేసుకొని ఉండవలసింది. గుర్తు రాలేదు. ఆ రోజు నా కళ్ల ముందున్నవి ఎనిమిది సిలిండర్లు, పది గేర్లు, మనిషి పడుకుంటే పట్టేంత ముందు గ్రిల్లు మాత్రమే.

ఆర్టీసీ ఉద్యోగుల ఇళ్లలో పెరగని వారి కోసం ఒక మాట చెప్పాలి. కేఎంపీఎల్ అంటే లీటరు చమురుకు బస్సు నడిచిన కిలోమీటర్లు. డిపోలో ప్రతి డ్రైవరు పేరు పక్కనా ఆ అంకె ఉంటుంది. అది పెరిగితే సన్మానం, తరిగితే కౌన్సెలింగ్. మా ఇంట్లో పిల్లల మార్కుల కంటే డ్రైవర్ల కేఎంపీఎల్ గురించే ఎక్కువ చర్చ జరిగేది. నాన్నగారికి మరొక నియమం కూడా ఉండేది: దశాంశాలను పైకి సవరించేవారు కారు. 5.159 వస్తే 5.15 అనే రాసేవారు. రాని దాన్ని వచ్చినట్టు రాయకూడదని ఆయన సిద్ధాంతం.

ఇక ట్రక్కు ఎందుకు కొన్నావంటే నా దగ్గర గట్టి సమాధానం లేదు. అమెరికాలో ఫోర్డ్ వారి ఎఫ్ సిరీస్ 1977 నుంచి ఏటా అమ్మకాలలో ముందున్న ట్రక్కు అని చదివాను. అంతమంది పొరపాటు పడి ఉండరని అనుకున్నాను, అలా అనుకొని మరొక కంపెనీ ట్రక్కు కొన్నాను. కొన్న నాటి నుంచి దాని వెనుక తొట్టిలో నేను మోసిన బరువులు రెండు సోనామసూరి బస్తాలు, ఒక కరివేపాకు మొక్క. ఫ్రిస్కోలోని ఆంజనేయస్వామి గుడిలో వాహన పూజ చేయించి, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి ముందుకు నడిపితే, ఆ కాయలు నలిగిన సంగతి బండికి తెలియనే లేదు.

ఫిబ్రవరిలో అమ్మా నాన్నగారూ వచ్చారు. విమానాశ్రయం నుంచి ఇంటికి వస్తున్నంతసేపూ నాన్నగారు ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంటి ముందు దిగి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఎంతిస్తోందిరా?" అని అడిగారు.

నేను లోపలికి వెళ్లి, కొన్నప్పుడు అద్దానికి అతికించి ఉన్న కాగితాన్ని తెచ్చి గర్వంగా చేతికిచ్చాను. దీనిని ఇక్కడ మన్రోనీ స్టిక్కర్ అంటారు. ఒక్లహోమా సెనేటర్ మైక్ మన్రోనీ చొరవతో 1958లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి కొత్త బండి అద్దానికీ ఇది ఉండి తీరాలి. చమురు మైలేజీ అంకెలు తరువాతి కాలంలో దీనిమీదకు చేరాయి. నా కాగితంలో గ్యాలనుకు ఊళ్లో 16 మైళ్లు, హైవే మీద 22 మైళ్లు, రెండూ కలిపి 18 మైళ్లు అని అచ్చు వేసి ఉంది. నాన్నగారు పెద్ద అంకెలను వదిలేసి, కళ్లద్దాలు పైకి జరిపి, అడుగున ఉన్న చీమ తలకాయంత అక్షరాలను చదివారు. రోడ్డు పరిస్థితులు, నడిపే తీరు, బండి సంరక్షణ మొదలైన అనేక కారణాల వల్ల అసలు ఫలితాలు మారుతూ ఉంటాయని అక్కడ రాసి ఉంది. "కాగితం నిజాయితీగానే ఉంది. పైన చెప్పింది కాదని కిందే చెప్పాడు" అని మడిచి జేబులో పెట్టుకున్నారు.

మరునాడే ఇండియా నుంచి తెచ్చుకున్న పొడుగాటి నోటు పుస్తకంలో పట్టిక గీశారు. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు లెక్క. ఈ దేశంలో పెట్రోలును గ్యాస్ అంటారని ఎంత చెప్పినా, వంటింటి సిలిండరుకు తప్ప ఆ మాట వాడనని, పట్టికలో "పెట్రోలు" అనే రాసుకున్నారు.

ఆ రెండు వారాలలో నేను బండిని వాడిన తీరు ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఆఫీసు నాలుగు మైళ్లు. ఇంజను సరిగా వేడెక్కే లోపే అక్కడికి చేరిపోతాను. ఫిబ్రవరి చలికి అమ్మ వణకకూడదని, గుడికి బయలుదేరే ముందు పది నిమిషాల సేపు ఇంట్లో నుంచే మీట నొక్కి బండిని స్టార్ట్ చేసి ఉంచేవాణ్ణి. నిలబడి తిరిగే ఎనిమిది సిలిండర్ల ఇంజను గంటకు అర గ్యాలను దాకా తాగుతుంది, నడిచిన దూరం మాత్రం సున్నా. అదిగాక, అందంగా ఉంటాయని కొండదారుల టైర్లు వేయించాను. ఫ్రిస్కోలో కొండలు లేవు.

రెండు వారాలకు 230 మైళ్లు, 17.6 గ్యాలన్లు. డ్యాష్‌బోర్డు మీది కంప్యూటరు 14.2 అని చూపిస్తుంటే, నాన్నగారి పుస్తకంలో 13.06 తేలింది. ఆయన అక్కడితో ఆగలేదు. మైళ్లను 1.609తోనూ, గ్యాలన్లను 3.785తోనూ గుణించి, భాగించి, వచ్చిన అంకె కింద రెండు గీతలు గీశారు. లీటరుకు 5.55 కిలోమీటర్లు.

చాలాసేపు మౌనంగా ఉండి, "ఏరా అబ్బాయ్, యాభై మందిని కూర్చోబెట్టి, పదిమందిని నిలబెట్టి, టాపు మీద అరటి గెలలు వేసుకొని వెళ్లే మా పల్లెవెలుగు కూడా అయిదు దాటి ఇస్తుంది. నీది నిన్నొక్కణ్ణి మోసి ఇంతేనా?" అన్నారు. బస్సు తాగేది డీజిలనీ, లీటరుకు లీటరు చూస్తే అందులో పెట్రోలు కంటే పది శాతానికి పైగా శక్తి ఎక్కువనీ నేను వాదించాను. "అయితే అరటి గెలలు తీసేస్తాను" అన్నారు.

ఆ సాయంత్రం పెరట్లో నాకు కౌన్సెలింగ్ జరిగింది. ప్రయోగశాలలో బండిని రోలర్ల మీద నిలబెట్టి స్టిక్కరు మీది అంకెలు తీస్తారని, అందులో అసలు హైవే పరీక్ష దూరం దాదాపు పది మైళ్లని, సగటు వేగం గంటకు 48 మైళ్లని, ఎంత తొక్కినా 60 దాటరని నేనే నోరు జారాను. 2008 మోడళ్ల నుంచి అధిక వేగం, ఏసీ, చలి పరీక్షలను కూడా లెక్కలోకి తీసుకుంటున్నారని చెప్పినా లాభం లేకపోయింది. ఆ పరీక్షలలో వాడే చమురులో ఇథనాల్ ఉండదని, మనం బంకులో పోయించుకునే దానిలో పది శాతం కలుస్తుందని, అందువల్ల మూడు శాతం మైలేజీ పోతుందని చెప్పేసరికి ఆయనకు జాలి కలిగింది. అవసరం లేనప్పుడు ఎనిమిది సిలిండర్లలో నాలుగు పని మానేసి విశ్రాంతి తీసుకుంటాయని చెబితే మాత్రం, "ఆఫీసులన్నిటా అంతేలే" అన్నారు.

పౌరుషం వచ్చి, మార్చిలో బిగ్ బెండ్ పార్కుకు వెళ్తున్నాం కదా, అక్కడ ఒక ట్యాంకు మీద గ్యాలనుకు 20 మైళ్లు తెప్పించి చూపిస్తానన్నాను. తెప్పిస్తే డిపోలో ఉత్తమ డ్రైవర్లకు చేసినట్టే శాలువా కప్పి సన్మానిస్తానని నాన్నగారు మాట ఇచ్చారు. శాలువా అమ్మ పెట్టెలో సిద్ధంగా ఉంది.

తెల్లవారుజామున ఆరింటికి ట్యాంకు నిండా పోయించి బయలుదేరాము. 75 మైళ్ల వేగానికి అనుమతి ఉన్న ఇంటర్‌స్టేట్ 20 మీద నేను నిష్ఠగా 60లో నడిపాను. మమ్మల్ని దాటిపోనిది లేదు. గాలిమర రెక్కను మోసుకుపోతున్న లారీ కూడా దాటింది. ఆ రెక్క దాటడానికే చాలాసేపు పట్టింది. మా ఆవిడ సిగ్గుతో తల దించుకొని ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. నాన్నగారు మాత్రం మైలు రాళ్ల బోర్డులతో ఓడోమీటరును సరిపోల్చుకుంటూ, అది అబద్ధం చెప్పడం లేదని నిర్ధారించుకొని, సంతోషంగా ఉన్నారు. ఒడెస్సా, మొనాహన్స్ దాటి ఫోర్ట్ స్టాక్టన్ చేరేసరికి 420 మైళ్లు పూర్తయ్యాయి. కంప్యూటరు గ్యాలనుకు 21 చూపిస్తోంది. ఇంకా 80 మైళ్లు వెళ్లవచ్చునని కూడా చూపిస్తోంది.

అక్కడి నుంచి మారథాన్ అనే ఊరు 58 మైళ్లు. మధ్యలో బంకు లేదు. "ఇక్కడ పోయించు" అన్నారు నాన్నగారు. ఎనభైలోంచి యాభై ఎనిమిది తీసివేస్తే ఇరవై రెండు మిగులుతుందని నేను ఆయనకు లెక్క చెప్పాను. ముప్పై ఏళ్లు తీసివేతలు చేసిన మనిషికి తీసివేత చెప్పాను. ఒకే ట్యాంకు మీద మారథాన్ దాకా వచ్చానని చెప్పుకోవాలన్న దురాశ తప్ప నా వద్ద మరే కారణమూ లేదు.

అప్పటికి సాయంత్రం నాలుగు. మా గది పార్కుకు అవతల టెర్లింగ్వాలో ఉంది. చీకటి పడక ముందే చేరాలి. "ట్రిప్పు లేటయితే కేఎంపీఎల్ ఎంతొచ్చినా లాభం లేదు" అని నాన్నగారే అనడంతో వేగం 75కు పెంచాను. అదే సమయానికి, పొద్దుటి నుంచి నిద్రపోయిన గాలి నైరుతి దిక్కున లేచి ఎదురు నిలిచింది. దారి కూడా పైకి ఎక్కడం మొదలుపెట్టింది. మారథాన్ ఫోర్ట్ స్టాక్టన్ కంటే వెయ్యి అడుగులు ఎత్తున ఉంటుందని నాకు తరువాత తెలిసింది.

గాలి అడ్డు వేగపు వర్గంతో పెరుగుతుందని ఇంజనీరింగులో చదివి, పరీక్ష రాసి, మరచిపోయాను. 60 నుంచి 75కు పోతేనే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఎదురుగాలి మరో 20 మైళ్లు ఉంటే రెండున్నర రెట్లవుతుంది. పైగా మన ట్రక్కు ముక్కు చేప ముక్కు కాదు, బీరువా. ఇక ఆ 80 అనే అంకె, అప్పటి దాకా నేను నత్తలా నడిపిన తీరును బట్టి కంప్యూటరు వేసిన అంచనా. రాబోయే కొండ గురించి దానికేమీ తెలియదు.

ఇరవై మైళ్లు వెళ్లేసరికి 80 కాస్తా 48 అయింది. ముప్పై అయిదు వెళ్లేసరికి 25. ఊరు ఇంకా 23 మైళ్లు. ఏసీ ఆపేశాను, వేగం 45కు దించాను. గాలి సాఫీగా పోయేందుకు వెనుక తలుపు దించి ఉంచుదామా అని నాన్నగారు సూచించారు. తలుపు మూసి ఉంటే తొట్టిలో గాలి సుడి తిరుగుతూ దిండులా నిలుస్తుందని, పైగాలి దానిమీదుగా జారిపోతుందని, దించితే నష్టమే తప్ప లాభం లేదని నేను శాస్త్రీయంగా వివరించాను. ఆ వివరణ ముగిసేసరికి అంకె 9. తరువాత సున్నా. సున్నా మీద కూడా బండి చాలా దూరమే నడిచింది; అంత దూరమూ కారులో ఎవరమూ ఊపిరి తీసుకోలేదు, అమ్మ ఆంజనేయ దండకం తప్ప మరో శబ్దం లేదు.

బంకు కనిపించింది. దాని ధరల బోర్డు మీది అంకెలు కూడా చదవగలిగేంత దగ్గరలో, ఇంజను ఒకసారి దగ్గి, మరొకసారి దగ్గి, ఆగిపోయింది.

పాత పికప్పులో వస్తున్న ఇద్దరు టోపీ పెద్దమనుషులు ఆగారు. వారి డబ్బాలో ఉన్నది డీజిలు. రెండు వందల గజాల కోసం గొలుసు వెతకడం ఎందుకని, తోసేద్దామన్నారు. మా ఆవిడ స్టీరింగు పట్టుకుంది. రెండు టన్నులకు పైగా బరువున్న ఆ బండిని వారిద్దరూ, నేనూ, వద్దంటున్నా వినకుండా నాన్నగారూ తోశాము. డిపోలో మొండికేసిన బస్సులను తోయించిన అనుభవం కాబోలు, "ఐలెస్సా" అని ఆయన అందిస్తుంటే ఆ టెక్సస్ వారిద్దరూ చక్కగా వంత పాడారు. గ్రీసులోని మారథాన్‌ను తలపించిందని ఒకప్పటి నౌకా కెప్టెన్ ఈ ఊరికి ఆ పేరు పెట్టాడట. నేను మాత్రం అక్కడికి కాలినడకనే చేరాను.

ట్యాంకు నింపితే 23.9 గ్యాలన్లు పట్టింది. ఓడోమీటరు చూస్తే సరిగ్గా 478.0. రొప్పుతూనే ఫోనులో భాగించాను. 20.00! ప్రాణం లేచి వచ్చింది. "శాలువా తీయమ్మా" అని అరిచాను. ఆ ఇద్దరు పెద్దమనుషులూ ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు.

నాన్నగారు బండి బానెట్టు మీద నోటు పుస్తకం పరిచి, కళ్లద్దాలు సరిచేసుకున్నారు. "మనం తోసినప్పుడు తాళం ఆన్‌లోనే ఉంది కదరా, చక్రం తిరిగింది, మీటరూ తిరిగింది. ఆ 0.1 మైలు పెట్రోలు మీద నడిచింది కాదు" అని, 478.0ని కొట్టివేసి 477.9 అని రాసి, మళ్లీ భాగించారు. కాగితం మీద 19.995 దాకా వచ్చింది. 19.99 దగ్గర గీత గీసి, దాని కింద మరొక వరుస చేర్చారు:

"ఆఖరి 200 గజాలు. పెట్రోలు: నిల్. మనుషులు: నలుగురు."