మా బ్లాకు వెనక మొలిచినది

మే నెల గాలివానకు మా అపార్ట్‌మెంటు వెనకనున్న నిద్రగన్నేరు కొమ్మలు విరిగిపడగా, వాటిని యంత్రంలో వేసి పేళ్ళు చేసిన కూలీలు ఆ కుప్పను ప్రహరీ వారన వదిలేసి వెళ్ళారు. నేను ఆ పేళ్ళను నానబెట్టి, కింద అట్టపెట్టెల ముక్కలు పరిచి, హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ నుంచి తెచ్చుకున్న ముత్యపుచిప్ప పుట్టగొడుగుల విత్తనాన్ని పొరల మధ్య చల్లి మడి కట్టాను. విదేశాలలో ఇలాంటి ఆరుబయటి మడులకు వైన్ క్యాప్ అనే ఎర్రటోపీ రకాన్ని ఎక్కువగా వాడతారు; ముత్యపుచిప్ప కూడా చెక్కను తిని బతికే జాతే కనుక దానితో సరిపెట్టుకున్నాను. అసోసియేషన్ సెక్రటరీ గారి అనుమతి రాతపూర్వకంగా నా దగ్గర ఉన్నదని ఇక్కడే మనవి చేసుకుంటున్నాను. తక్కిన పని బెంగళూరు వానలు చూసుకున్నాయి.

మొన్న ఆదివారం పొద్దున్నే మా బ్లాకు వెనక నుంచి భరించరాని కంపు మొదలయింది. ఎక్కడో పందికొక్కు చచ్చి ఉంటుందని సెక్రటరీ గారు నిర్ధారించి, నన్ను గానీ మరొకరిని గానీ సంప్రదించకుండా ఎలుకల మందు కంపెనీ మనిషిని పిలిపించారు. ఆయన టార్చిలైటుతో ముందు నడవగా, వెనక సెక్రటరీ గారు, కోశాధికారి, సెక్యూరిటీ గార్డు, వాకింగుకు వచ్చిన ఆడవాళ్ళు, గుంటూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా అత్తగారు, మా ఆవిడ, చివరగా నేను, అందరమూ ముక్కులు మూసుకుని నా మడి దగ్గరకు చేరాము.

అక్కడ నిలబడి ఉన్నది పందికొక్కు కాదు. కోడిగుడ్డంత తెల్లని గుడ్డు ఒకటి పేళ్ళ నడుమ పగిలి, అందులోంచి జానెడు ఎత్తున బోలుగా, చిల్లులు చిల్లులుగా ఉన్న తెల్లని కాడ నిటారుగా లేచింది. దాని తల మీద ముదురు ఆకుపచ్చ జిగురు, జిగురు మీద ఈగలు, తల కింది నుంచి దాదాపు నేల దాకా అమ్మమ్మల కాలంలో రేడియో మీద కప్పిన క్రోషా గుడ్డలాంటి వల. దాని మొత్తం ఆకారం గురించి మర్యాదస్థుల నడుమ ఇంతకన్నా వివరించడం కుదరదు. స్టింక్‌హార్న్ అనే ఆ జాతి తన బీజాలను గాలికి వదలదు. కుళ్ళిన మాంసం వాసనతో ఈగలను పిలిచి, వాటి కాళ్ళకు అంటించి పంపుతుంది. వల లేని దాని సోదర జాతిని చార్లెస్ డార్విన్ గారి కుమార్తె హెన్రియెట్టా ఇంగ్లండు అడవులలో వాసన పట్టి వెతికి, బుట్టలో ఇంటికి తెచ్చి, పనిపిల్లల శీలానికి భంగం కలగకూడదని తలుపులు వేసుకుని కాల్చేసేవారట. ఆవిడ అవస్థ ఏమిటో నాకు ఆ క్షణాన పూర్తిగా బోధపడింది.

ఎవరూ మాట్లాడలేదు. ఒకావిడ తన కూతురి కళ్ళు మూసి వెనక్కు తిప్పింది. అప్పుడు సెక్రటరీ గారు గొంతు సవరించుకుని, పది మందీ వినేలా, "ఏమండీ, ఇది మీదేనా?" అని అడిగారు.

ఈ ప్రశ్నకు సభ్యమైన సమాధానం ఏ భాషలో ఉన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. మడి నాదే. పేళ్ళు అసోసియేషన్ వారి చెట్టువి. జల్లిన విత్తనం నాదే గానీ, మొలిచినది ఆ విత్తనం కాదు. ఆరుబయట పేళ్ళను ఎవరూ శుద్ధి చేయరు కనుక, మట్టిలోనో చెక్కలోనో ముందే దాగిన ఏ శిలీంధ్రపు పోగులైనా ఎంత మేర అల్లుకుంటే అంత మేరా వాటి రాజ్యమే. అవునంటే ఒక అనర్థం, కాదంటే మరి ఎవరిదన్న ఇంకొక విచారణ. ఇవన్నీ తూచి నేను, "మడి నాదేనండీ, ఇది మాత్రం దానంతట అదే లేచింది" అన్నాను. కోశాధికారి దగ్గినట్టు నటించి అవతలకు వెళ్ళిపోయాడు.

వాతావరణాన్ని శాస్త్రీయం చేద్దామని, చైనాలో ఆ జిగురు తీసేసి, కాడను ఎండబెట్టి సూపులో వేసుకుంటారని కూడా చెప్పాను. నన్ను నేరుగా పలకరించే అలవాటు లేని మా అత్తగారు ప్రహరీ వైపు చూస్తూ, "ఏమే అమ్మాయ్, మీ ఆయన కూరకు పెంచుతున్నానన్నది ఇదేనా?" అని అడిగారు.

సెక్రటరీ గారు నాలుగు కోణాల నుంచి ఫొటోలు తీశారు. నేను ఇల్లు చేరేలోగానే అవి నా ఫ్లాటు నంబరుతో సహా, "అభ్యంతరకరమైన పెరుగుదల" అన్న శీర్షికతో అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో వెలిశాయి. మూడు వందల గడపల వారు చూశారు. మధ్యాహ్నానికల్లా ఆ వస్తువు దానంతట అదే వాలిపోయి వాసన కూడా తగ్గిందన్న సంగతిని మాత్రం ఎవరూ ఫొటో తీయలేదు. అయినా సాయంత్రం గార్డు చేత మడి మొత్తం మీద బ్లీచింగు పొడి చల్లించారు, నా రాతపూర్వక అనుమతి ఏమయిందని అడిగితే అందులో ఈ రకం ప్రస్తావన లేదన్నారు.

ఈ రోజు మెయింటెనెన్సు బిల్లు వచ్చింది. అందులో నా ఒక్కడి ఖాతాకు "మృత ఎలుక తొలగింపు" అని ఒక పద్దు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఎలుకను చూపిస్తే కడతానని సెక్రటరీ గారికి మెసేజి పెట్టాను. నీలి గీతలు రెండూ పడ్డాయి గానీ జవాబు మాత్రం ఇంకా రాలేదు.