అడవికి పోతే అడవి చెప్పినట్టు నడవాలె

పోయిన ఆదివారం రాత్రి నల్లమల అడవి తోవలో, మన్ననూర్ చెక్‌పోస్ట్ కాడ ఒక గొడవ చూసిన. దోమలపెంట దిక్కు నుంచి వస్తున్న మా బస్సు తొమ్మిదికి ముందే గేటు దాటి చాయ్ కోసం ఆగింది. అవతల హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే కార్లు నాలుగైదు, గేటు పడినంక వచ్చినయి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఈ తోవ బంద్ ఉంటదని ఏండ్ల సంది అందరికీ తెలుసు. అయినా ఒకాయన కారు దిగి, గేటు కాడున్న పిల్లగాని మీదికి పోయిండు. "రోడ్డు ట్యాక్స్ కడుతున్నం, పెట్రోలు పోసుకొని వచ్చినం. మమ్ముల ఆపెటందుకు ఈ అడవి ఎవని జాగీరు?" అన్నడు. ఆ పిల్లగాడు మారు మాట్లాడలేదు. గేటు మీద చెయ్యి పెట్టి నిలబడ్డడు.

ఎవని జాగీరు అన్న ఆ మాట అప్పటి సంది నన్ను నిద్రపోనిస్తలేదు. ఈ పోస్ట్ దాని గురించే. పొడుగైతది, తీరిక చేసుకొని చదువుండ్రి.

నేను అచ్చంపేట దగ్గర బడిలో పాఠాలు చెప్తా. పోయిన దసరా సెలవుల్లో తమ్ముని దగ్గరికి స్విట్జర్లాండ్ పోయిన. వాడు జూరిక్‌లో ఉద్యోగం చేస్తడు. ఊర్లు, షాపులు వద్దు, ఆల్ప్స్ కొండల్లో ఉన్న నేషనల్ పార్కులో మూడు రోజులు నడుద్దామని ముందే చెప్పిన. ఫోన్‌లో అమ్మకు ఈ మాట చెప్తే అసలు అర్థం కాలేదు. "పైసలు పెట్టుకొని నడుసుడేంది బిడ్డా? మీ తాత మన్ను పనికి దేశాలు పట్టుకొని పోయిండు. నడిసీ నడిసీ కాళ్లరిగినయి ఆయనకు. మీకు నడక పండుగైందా?" అన్నది. అమ్మ మాటలో తప్పు లేదు. పాలమూరోళ్లకు నడక అంటే కరువు, వలస, నెత్తి మీద మూట. సరదాకు నడవడం అనేది మనకు ఎవరూ నేర్పలేదు. ఆ సంగతి మనసులో పెట్టుకొనే చదవండి.

జూరిక్ నుంచి రైలెక్కి, లాండ్‌క్వార్ట్ కాడ చిన్న ఎర్ర రైలుకు మారినం. అది వెరైనా అనే 19 కిలోమీటర్ల సొరంగంలో దూరి అవతల ఎంగడీన్ లోయలో తేలింది. జెర్నెజ్ అనే ఊర్లో దిగినం. మన మండల కేంద్రం కన్నా చిన్న ఊరు. అక్కడి పాత తరం మాట్లాడేది జర్మన్ కాదు, రోమన్ష్. బోర్డుల మీద కూడా అదే భాష.

మొదటి రోజు నడక క్లుయోజా లోయలోకి. ఊరి పక్కన నది మీద వంతెన దాటి అడవిలోకి ఎక్కాలె. అక్కడి పసుపు బోర్డుల మీద దూరం రాయరు, ఎన్ని గంటలు పడతదో రాస్తరు. మూడు గంటలని ఉన్నది, మాకు నాలుగున్నర పట్టింది. అడవి మొదలయ్యే కాడ ఒక పెద్ద పలక, దాని మీద నియమాలు. దారి దిగొద్దు. పువ్వు, పుట్టగొడుగు, రాయి, ఎండు పుల్ల ఏదీ ముట్టొద్దు. నిప్పు పెట్టొద్దు. కుక్కను తాడు కట్టి కూడా తేవొద్దు. సైకిల్ వద్దు, డ్రోన్ వద్దు, గుడారం వద్దు. తెచ్చిన చెత్త మళ్లీ మనమే మోసుకపోవాలె. చలికాలమంతా దారులు బంద్. ఇంత పెట్టినంక టికెట్ ఎంతనుకున్నరు? ఏమీ లేదు, ఉచితం.

ఆ రోజు ఇక్కడ సద్దుల బతుకమ్మ. మన ఆడపిల్లలు గునుగు, తంగేడు కోసుకొచ్చి పేరుస్తున్న రోజు నేను ఒక్క పువ్వు కోయరాని నేల మీద ఉన్న. ఫోన్ సిగ్నల్ పోయేముందు మా చెల్లె పంపిన బతుకమ్మ ఫోటో వచ్చింది. తల ఎత్తి చూస్తే కొండంత తంగేడు పూసినట్టు పచ్చపసుపు. అవి లార్చ్ చెట్లు. సూదుల్లాంటి ఆకులున్న చెట్లలో శీతాకాలానికి ఆకు రాల్చేది ఆ దేశంలో అదొక్కటే, రాలే ముందు మొత్తం బంగారు రంగుకు తిరుగుతది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో చెప్పలేను.

దారిలో ఎక్కడ చూసినా చచ్చిన చెట్లు. పడిపోయినయి, సగం కుళ్లినయి, నిలబడే ఎండినయి. ఎవరూ ఎత్తరు. "ఇంత కలప మట్టి పాలు చేసుడేంది?" అన్న నేను. "అక్కా, ఇక్కడ కలప అనే మాటే లేదు, అది పురుగుకు ఇల్లు, పిట్టకు తిండి, మొలకకు మన్ను" అన్నడు తమ్ముడు. ఆ మాట నేనే పదేండ్ల నుంచి తొమ్మిదో తరగతికి చెప్తున్న పాఠం. కండ్లతో చూసింది మాత్రం అప్పుడే.

అలసిపోయి దారి పక్కనున్న బండ మీద కూర్చున్న. మెత్తటి గడ్డి, నాలుగడుగులు పక్కకు, అంతే. వెనుక నుంచి వస్తున్న ఒక ముసలామె ఆగి, నవ్వుకుంటనే కొద్దిదూరంలో ఉన్న పసుపు గుంజలను చూపించింది. కూర్చోవాలన్నా ఆ గుంజల మధ్యనే కూర్చోవాలట. నాకు తల కొట్టేసినట్టయింది. తరువాత రాత్రి విడిది దాకా దాని గురించే ఆలోచించిన. ఆమె గార్డు కాదు, యూనిఫారం లేదు, ఫైన్ రాసే పుస్తకం లేదు. ఎనభై ఏండ్లు ఉండొచ్చు. ఆ నియమాన్ని ఆమె తన ఇంటి గడప లెక్క కాపాడుతున్నది.

క్లుయోజాలో పడుకోవడానికి చెక్కతో కట్టిన పాత విడిది ఉన్నది, 1910లో కట్టింది. పార్కులో రాత్రి ఉండడానికి అదీ, రోడ్డు పక్కనున్న ఇంకొక హోటలూ, ఈ రెండే. రాత్రి తలుపు తీసి బయట నిలబడితే నీళ్ల చప్పుడు తప్ప ఇంకోటి లేదు. ఆ నిశ్శబ్దం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు మా నాయన వెంట నల్లమలలోని అప్పాపూర్ పెంటలో (అడవిలో ఉండే చెంచు గిరిజనుల పల్లెను పెంట అంటరు) ఒక రాత్రి ఉన్నప్పుడు అదే నిశ్శబ్దం విన్న.

ఆ అడవి ముందు నుంచీ అట్లనే ఉన్నదనుకోకండి. ఒకప్పుడు ఉప్పు బట్టీల కోసం, ఇనుము కొలుముల కోసం ఆ కొండల చెట్లను నరికి నదిలో తేలేసి పంపిండ్రు. ఐబెక్స్ అనే పెద్ద కొమ్ముల కొండమేకను ఆ దేశంలో ఒక్కటి మిగలకుండా వేటాడిండ్రు. అక్కడి ఆఖరి ఎలుగుబంటిని 1904లో ఆ కొండల్లోనే కాల్చి చంపిండ్రు. అంత పాడుచేసినంక కొందరు సైన్సు పెద్దమనుషులు కూర్చొని ఒక మాట అనుకున్నరు: ఒక్క తావునన్న మనిషి చెయ్యి తీసేద్దాం, ఏమైతదో చూద్దాం. సర్కారు పైసల కోసం ఆగలేదు. 1909లో ఒక సంఘం పెట్టి, మనిషికి ఏడాదికి ఒక్క ఫ్రాంకు చందా వసూలు చేసిండ్రు. ఆ పైసలతో జెర్నెజ్ ఊరి దగ్గర క్లుయోజా లోయను 25 ఏండ్లకు కౌలుకు తీసుకున్నరు.

అవును, కౌలుకే. లోయ ఊరిది. ఊరిని అడిగిండ్రు, ఒప్పందం రాసుకున్నరు, పైసలు కట్టిండ్రు. 1914 ఆగస్టు 1న ఆల్ప్స్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కు అట్ల పుట్టింది. ఇప్పుడు 170 చదరపు కిలోమీటర్లు. ఆ తరువాత ఆ దేశంలో ఇంకొక నేషనల్ పార్కు కావాలని ఎంతో పని చేసిండ్రు. 2016లో ఒకటి, 2018లో ఒకటి ఊర్ల ముందు ఓటింగ్‌కు వచ్చినయి. ఊర్లు వద్దన్నయి. వద్దంటే ఆగిపోయినయి. ఇయ్యాల్టికీ ఆ దేశానికి ఒక్కటే నేషనల్ పార్కు. అడవంటే పడిచచ్చే నాకు ఆ రెండు పార్కులు రాకపోవడం బాధే. కానీ ఊరి మాటకు అంత విలువ ఉండడం చూస్తే మనసు నిండింది.

అడవి కూడా మాట నిలబెట్టుకున్నది. ఐబెక్స్‌ను 1920లో తెచ్చి వదిలితే నిలదొక్కుకున్నది. గడ్డం రాబందులను 1991 నుంచి వదిలిండ్రు, ఇప్పుడవి ఆ ఆకాశంలో తిరుగుతున్నయి. ఎలుగుబంటి 2005లో ఇటలీ దిక్కు నుంచి తనంతట తానే నడుచుకుంట వచ్చింది. నూటొక్క ఏండ్ల తరువాత! మన రాబందులు గుర్తున్నయా మీకు? నా చిన్నప్పుడు చచ్చిన బర్రె మీద గుంపుగా వాలేవి. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు వాటిని తుడిచిపెట్టింది. 2006లో ఆ మందును పశువులకు వాడొద్దని నిషేధించేసరికే మా దిక్కు ఆకాశం ఖాళీ అయింది. నా బడి పిల్లల్లో రాబందును చూసినోళ్లు ఒక్కరు లేరు.

మూడో రోజు త్రుప్‌చున్ లోయకు పోయినం. దుప్పులు జతకూడే కాలం అది. మగ దుప్పి అరుపు ఆంబోతు రంకె లెక్క లోయంతా మోగుతది. అక్కడ గుంజల మధ్య గడ్డి మీద ఎనభై, వంద మంది కూర్చొని ఉన్నరు. ముసలోళ్లు, చంటిపిల్లల తల్లులు, కాలేజీ పిల్లలు. ఒక్కరు గొంతు ఎత్తరు. ఒక చిన్నపిల్లగాడు ఏదో అడగబోతే తల్లి పెదవి మీద వేలు పెట్టింది, వాడు ఆగిపోయిండు. మూడు గంటలు కూర్చున్నం.

ఇంటికొచ్చినంక కార్తీకంలో బంధువులతో కలిసి మన అడవిలో ఒక గుండం కాడికి వనభోజనాలకు పోయినం. నాలుగు బండ్లు, నాలుగు సౌండ్ బాక్సులు. ఒకదాని పాట ఇంకోదాన్ని మింగేస్తున్నది. గుండంలో బిర్యానీ ప్లేట్లు, పగిలిన సీసాలు. కోతులకు చిప్స్ విసురుతున్నరు. చెప్పులు లేకుండా నీళ్లలో దిగిన మా మేనకోడలు కాలికి సీసా పెంకు దిగింది. ఆరు కుట్లు. ఎవరిని అడగాలె? మన అందరి చెత్తనే కదా అది.

"అక్కడోళ్లకు క్రమశిక్షణ ఉంటది, మనకు రాదు" అనే మాట మాత్రం నా దగ్గర అనకండి. నేను ఒప్పుకోను. చైత్ర పున్నమికి నల్లమల లోయలో ఉన్న సలేశ్వరం జాతరకు పోయినోళ్లు చెప్పండి, రాళ్ల మీద, లోయలో, ఎండలో ముసలోళ్లు సైతం "వస్తున్నం లింగమయ్యా" అనుకుంట నడుస్తరా లేదా? ఇరుకు దారిలో ఎదురొచ్చేటోళ్లకు పక్కకు జరుగుతరా లేదా? చెప్పులిడిసి నడిచేటోళ్లు ఎంతమంది? మనకు నడక తెలుసు, భక్తి తెలుసు. ఆ భక్తి లింగం కాడ ఆగిపోతున్నది, లింగం చుట్టున్న చెట్టు దాకా పోతలేదు. నా బాధంతా అదే.

ఇక చెంచుల సంగతి. అక్కడి పార్కులో మనుషులు నివాసముండరు, పులి లేదు. మన నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు, ఆ పార్కుకు పదిహేను రెట్లు. లోపల పులి ఉన్నది, పెంటల్లో చెంచులున్నరు. అందుకని అక్కడిది ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టుమని నేను అనను. పులి తిరిగే నడి అడవిలో మనలాంటోళ్లు కాలినడకన తిరగొద్దు, అది సరైనదే. వానకాలం మూడు నెలలు సఫారీ బంద్ పెట్టుడూ సరైనదే. కానీ పులి పేరు చెప్పి చెంచులు బయటికి పోవాలనే మాట ఏండ్ల సంది నడుస్తున్నది. అదే అడవికి మనం జీపు మీద పోయి ఫోటోలు దిగి రావచ్చు. తేనెపట్టు కోసేటప్పుడు ఈగల కోసం కొంత విడిచిపెట్టే మనిషి బయటికి, గుండంలో సీసా పగలగొట్టే మనిషి లోపటికి. ఇదెక్కడి న్యాయం?

2019లో యురేనియం తవ్వకాలంటే ఈ నేల మొత్తం లేచింది. అమ్రాబాద్, పదర, మన్ననూర్ రోడ్ల మీదికొచ్చినయి. ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. అప్పుడు మనమంతా "నల్లమల మాది" అన్నం. నేనూ అన్న, పిల్లలతో ర్యాలీలో నడిచిన. మాది అన్నోళ్లమే రాత్రి తొమ్మిదికి గేటు వేస్తే కోపానికొస్తమా? ఆ తొమ్మిది గంటలు రోడ్డు దాటే దుప్పివి, ఎలుగువి, పిల్లల వెంట నడిచే తల్లిపులివి. శ్రీశైలం మల్లన్న పొద్దున దాకా ఎటూ పోడు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. అడవి అంచున, నడి అడవి చుట్టున్న బఫర్ ఊర్ల దగ్గర, గుర్తులు పెట్టిన కాలిబాటలు నాలుగైదు కావాలె. బండ్లు పోని బాటలు. రోజుకు ఇంత మందే అని లెక్క. ముందు నడిచేది చెంచు మనిషి, ఆయన ఆగమంటే ఆగాలె, మాట్లాడొద్దంటే మాట్లాడొద్దు. వచ్చిన పైసలు పెంటకు. ఇప్పటికే సఫారీల్లో కొందరు చెంచు పిల్లలు గైడ్లుగా చేస్తున్నరు, సంతోషం. కానీ జీపులో వెనుక కూర్చున్న మనకు వాళ్ల మాట ఇంజన్ చప్పుడులో వినపడదు. నడిస్తేనే వినపడతది. ఏ ఆకు దేనికి పనికొస్తదో, ఏ బండ కింద నీళ్లుంటయో, ఏ పాదం ముద్ర ఎప్పటిదో వాళ్లు చెప్తుంటే మన పిల్లలు వినాలె. బాట ఎక్కడెక్కడ వేయాలో కూడా ముందు పెంటలనే అడగాలె. వద్దంటే అక్కడ వేయొద్దు.

అప్పటి దాకా నా చేతిలో ఉన్నది నేను చేస్తున్న. వచ్చే ఆదివారం మా తొమ్మిదో తరగతి పిల్లలను భోగమహేశ్వరం నుంచి ఉమామహేశ్వరం దాకా నడిపిస్తున్న. పొద్దున ఆరింటికి రంగాపూర్ కాడ కలుస్తం. తల్లిదండ్రులూ రావొచ్చు, ఈ పోస్ట్ చదివినోళ్లూ రావొచ్చు. స్టీలు సీసాలో నీళ్లు, టిఫిన్ డబ్బాలో సద్ది, ఖాళీ సంచి ఒకటి తెచ్చుకోండి. కోతులకు ఏమీ పెట్టొద్దు. స్పీకర్ తెచ్చేటోళ్లు మాత్రం ఇంటికాడనే ఉండండి. అమ్మ కూడా వస్తనన్నది. మోకాళ్ల నొప్పులున్నయి కదా అంటే, "నడుసుడు నాకు నేర్పుతవా?" అన్నది.